గంప కింద కంప్యూటరు

అయినా అరచేతిలో ఇమిడేదాన్ని యంత్రమని ఎలా నమ్మడం? నమ్మకానికి కొంత ఒళ్లు కావాలి. పాతదానికి ఆ ఒళ్లుండేది. బల్ల కింద బియ్యం డబ్బాలా కూర్చుని, స్విచ్చి వేయగానే ఒక మూలుగు మూలిగి, మనిషి టీ తాగి వచ్చేసరికి కళ్లు తెరిచేది. మొన్నటి వానల్లో దాని కడుపులోకి బల్లి దూరింది. బల్లీ పోయింది, కంప్యూటరూ పోయింది. ఏది ముందు పోయిందో, ఏది దేనివల్ల పోయిందో ఆఫీసులో ఇంకా తేలలేదు. దాని స్థానంలోకి వచ్చేది ఇదా? ఇది పోతే, పోయిందని ఎవరికైనా తెలుస్తుందా?

త్రినాథరావు ఇలా అనుకుంటూ, దుకాణంవాడిచ్చిన రెండు రంగు కాగితాలను బల్ల మీద అటుది ఇటూ ఇటుది అటూ పెడుతున్నాడు. ఒక్కోదాని మీద ఒక్కో నల్లటి చిన్న డబ్బా. ఒకటి టిఫిను గిన్నెకు తమ్ముడిలా ఉంది. రెండోది ఆ తమ్ముడికి కవల.

కొండల పక్కనున్న ఆ చిన్న పట్నంలో, చేతివృత్తుల గుర్తింపు కార్యాలయానికి అతను సూపరింటెండెంటు. బుట్టలల్లేవాళ్లకు, కుండలు చేసేవాళ్లకు, చాపలు నేసేవాళ్లకు, 'అవును, వీళ్లు ఆ పనే చేస్తారు' అని ఒక పేజీ పత్రం ఇవ్వడం ఆ ఆఫీసు పని. వాళ్లు ఆ పని చేస్తారని ఊళ్లో అందరికీ తెలుసు. ప్రభుత్వానికి తెలియడానికి మాత్రం ఆ పేజీ కావాలి. దాని మీద సంతకం త్రినాథరావుది. నంబరు మాత్రం ఆఫీసు కంప్యూటరులోంచే పుట్టాలి. చేత్తో రాసిస్తే పత్రం చెల్లదు. బయట నెట్ సెంటర్లో తీస్తే ఉద్యోగం చెల్లదు.

రాజధాని నుంచి వచ్చిన అనుమతి స్పష్టంగానే ఉంది. 'తేలికపాటి రోజువారీ వాడకానికి సరిపోయే, అందుబాటు ధరలోని చిన్న కంప్యూటరు ఒకటి ఎంపిక చేసుకొనవచ్చును.' దుకాణంవాడు అంతకన్నా స్పష్టంగా చెప్పాడు. మీరు చేసేది నాలుగు ఉత్తరాలు, ఒక వెబ్‌సైటు, రెండు అంకెల పట్టికలు. దానికి ఏనుగు అక్కర్లేదు. మెమరీ ఎనిమిది జీబీ ఉంటే సరి. పాత రకం తిరిగే డిస్కు కాకుండా ఎస్ఎస్‌డీ ఉండేది చూసుకోండి, త్వరగా తెరుచుకుంటుంది. పాత తెరా, కీబోర్డూ దీనికే తగిలించుకోవచ్చు. ఈ రెండింట్లో ఏది తీసుకున్నా ఒకటే.

ఏది తీసుకున్నా ఒకటే అన్న మాట దగ్గర త్రినాథరావు ఆగిపోయాడు. తేడా ఉంటే తేడా చూసి ఎంచుకోవచ్చు. తేడా లేనప్పుడు ఎంపికలో మిగిలేది ఎంచుకునేవాడొక్కడే. అలా ఒంటరిగా పట్టుబడటం అతనికి భయం. ఒకదానికి ముందువైపు రెండు యూఎస్‌బీ కన్నాలున్నాయి, ఇంకోదానికి మూడు. ఆ మూడో కన్నం తన జీవితంలో ఎప్పుడు అవసరపడుతుందో ఊహించడానికి ఒక పూటంతా ప్రయత్నించాడు. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఏం కూర వండుకోవాలో కూడా, బజారు ఖాళీ అయ్యాక బుట్టలో మిగిలింది చూసి తేల్చుకుంటాడు. నిర్ణయం అతనికి వానలాంటిది. తగ్గేదాకా చూరు కింద నిలబడటమే అతనికి తెలిసిన విద్య. తన స్వభావం అదని అతనికి బాగా తెలుసు. మనసు గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు. తెలిసినందువల్ల మారిందేమీ లేదు. ఆ తెలియడం కూడా ఇంకో చూరు అయింది.

చివరికి పై అధికారికి ఒక నోటు పెట్టాడు. 'పై రెండింటిలో ఏది కొనవలెనో ఆదేశించ ప్రార్థన.'

పై అధికారి, ఉపసంచాలకులు గుణాకరరావు గారు, ఏ వాక్యాన్నీ చదివి వదిలేసే మనిషి కాదు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తారు, కళ్లు ఎదుటివాళ్లకి మండుతాయి. ఆ నోటు అందిన మర్నాడే సమావేశం పెట్టారు. ఆయన కాక సమావేశంలో ఉన్నది ఇద్దరు, త్రినాథరావూ, టైపు పని చూసే స్వర్ణలతా.

"ఏది కొనాలన్నది ద్వితీయ ప్రశ్న, త్రినాథరావు గారూ" అన్నారు గుణాకరరావు గారు. "మన వాడకం తేలికపాటిదా, కాదా అన్నది ప్రాథమిక ప్రశ్న. ఉత్తర్వులో తేలికకు నిర్వచనం లేదు. రేపు ఆడిట్ వారు వచ్చి, మీరు దీన్ని బరువుగా వాడారంటే మన వద్ద గల సమర్థన ఏమిటి?"

స్వర్ణలతకు నోరు ఊరుకోదు. "ఉన్న కంప్యూటరు పోయిన దగ్గర్నుంచి మన వాడకం కన్నా తేలికైన వాడకం జిల్లాలో ఇంకెక్కడా ఉండదండీ" అంది.

ఆయన నవ్వలేదు. కాసేపు ఫ్యాను వంక చూశారు. "ఇది విలువైన పరిశీలన. నమోదు చేయండి" అన్నారు.

ఆ సమావేశం జరుగుతున్నంతసేపూ వరండాలో ఒకామె కూర్చుని ఉంది. సన్యాసమ్మ. మేదర వీధిలో వెదురు బుట్టలల్లుతుంది. కూతురు పైడితల్లికి పాలిటెక్నిక్‌లో, చేతివృత్తులవాళ్ల పిల్లలకిచ్చే కోటాలో సీటొచ్చింది. హాస్టలూ భోజనమూ ఉచితం. వచ్చే నెలాఖరు లోపల గుర్తింపు పత్రం తెచ్చి చూపించకపోతే ఆ సీటు వెనకనున్నవాళ్లకి వెళ్లిపోతుంది. త్రినాథరావు బయటికి రాగానే ఆమె లేచి నిలబడి, కంప్యూటరుకి జబ్బు తగ్గినాదా బాబూ అని అడిగింది. పోయిందమ్మా, కొత్తది వస్తుంది అన్నాడతను. ఎప్పుడొస్తుందని ఆమె అడగలేదు. పురుడు గురించి అడగకూడదన్నట్టు తల ఊపి వెళ్లిపోయింది. అడిగి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. అడిగినవాళ్ల మీద కనీసం చిరాకుపడి తప్పించుకోవచ్చు.

తేలికను నిర్వచించడానికి నిపుణుణ్ణి రప్పించారు. డాక్టర్ విరించి. పనిభార మనస్తత్వ సలహాదారు. మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు. వచ్చిన రోజే అందరినీ వలయంగా కూర్చోబెట్టి, "బరువు వస్తువులో ఉండదు. మోసేవాడి మనసులో ఉంటుంది" అన్నాడు.

త్రినాథరావు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తనది. ఎన్నో ఏళ్లుగా, ఎవరికీ చెప్పకుండా, గదిలో ఒంటరిగా అనుకుంటున్న మాట. అదిప్పుడు ఇంకొకడి నోట్లోంచి ప్రయాణ భత్యంతో సహా బయటికొచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చుంది. తన ఆలోచనే కదా అని కాదనలేకపోయాడు. కాదనకపోవడం అంగీకారంగా నమోదైంది.

పరిశోధన మొదలైంది. కంప్యూటరు లేదు కనుక, దేనికీ తగిలించని పాత కీబోర్డు మీదే టైపు చేయమన్నాడు విరించి. నిజమైన యంత్రం ఉంటే ఫలితం మీద దాని ప్రభావం పడుతుందట. ముందుగా స్వర్ణలత చేత పోయిన ఉగాదికి శుభాకాంక్షలు టైపు చేయించాడు. ఆమె వేళ్లు చకచకా నడిచాయి, నోట్లో ఏదో కూనిరాగం. తర్వాత పెండింగులో ఉన్న దరఖాస్తుల పేర్లు చదివి టైపు చేయమన్నాడు. సన్యాసమ్మ పేరు రాగానే ఆమె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పును విరించి రాసుకున్నాడు. త్రినాథరావుని కూర్చోబెట్టినప్పుడు అదే పేరు దగ్గర అతని వేలు మీట మీదికి దిగక గాల్లోనే ఆగిపోయింది. దాన్నీ రాసుకున్నాడు.

నివేదికకు లేత నీలం అట్ట వేశారు. గుణాకరరావు గారు నిలబడి సారాంశం చదివారు. "పని యొక్క బరువు దాని నిడివిలో లేదు. ఆ పని ఎవరికి ఎంత అవసరమన్నదానిలో ఉంది. అవసరమే బరువు. కావున, ఎవరికీ అవసరం లేని పనియే తేలికపాటి పనియని నిర్ధారించడమైనది." చదివి, కళ్లజోడు తీసి, "ఇది మన శాఖకు మైలురాయి" అన్నారు.

అప్పుడు కొనడానికి అడ్డు తొలగింది. త్రినాథరావు దుకాణానికి వెళ్లేసరికి ఆ రెండు రకాలూ అయిపోయాయి. దుకాణంవాడు పై అరలోంచి మూడోది తీసి, తుడిచి, "ఇదీ ఒకటే సార్" అన్నాడు. త్రినాథరావు దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. మూడో కన్నం ఉందో లేదో కూడా చూడలేదు. దారంతా మనసు వింత హాయిగా ఉంది. వాన తగ్గింది అనుకున్నాడు.

బల్ల మీద పెట్టాక గుణాకరరావు గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినంత పని చేశారు. బల్లి విషయం గుర్తుచేశారు. పాతదానికి పట్టిన గతి దీనికి పట్టకుండా రక్షణ కవచం కావాలన్నారు. కొన్న ప్లాస్టిక్కు కవచమైతే శాఖ స్ఫూర్తికి విరుద్ధమట. స్థానిక చేతివృత్తిని ప్రోత్సహించే విధంగా వెదురుతో అల్లించాలన్నారు. అలా సన్యాసమ్మకు కబురు వెళ్లింది.

ఆమె తన పనిలో కదలిక వచ్చిందనుకుంది. తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని, వెదురును దారంత సన్నగా చీల్చి, బల్లి కాదు కదా చీమ కూడా దూరనంత బిగువుగా చిన్న గంప అల్లారు. అంచుకి ఎర్రరంగు బద్దతో జడ అల్లినట్టు అల్లిక. గాలాడటానికి పైన పువ్వులా కన్నాలు. బోర్లించగానే కంప్యూటరు మొత్తం, గంప కింద కోడిపిల్లలా మాయమైంది. గుణాకరరావు గారు అంచు మీద వేలు రాసి చూసి, కళ అంటే ఇది అన్నారు.

"అయితే నాను బుట్టలల్లుతానని నమ్మకం కుదిరినాదా బాబూ?" అని అడిగింది సన్యాసమ్మ.

"నమ్మకం వ్యక్తిగతం అమ్మా. గుర్తింపు వ్యవస్థాగతం" అన్నారాయన, ఎంతో దయగా.

ఇక రోజువారీ వాడకం ప్రారంభమైంది. రోజువారీ అని ఉత్తర్వులో ఉంది కనుక ఒక్కరోజు కూడా మానడానికి వీల్లేదు. తేలికపాటి అని ఉంది కనుక ఎవరికైనా పనికొచ్చేది చేయడానికి వీల్లేదు. పొద్దున్నే గంప తీసే ముందు 'నేను చేయబోవు పని ఎవరికీ అవసరం లేదు' అని ఒక చీటీ మీద సంతకం పెట్టాలి. మొదట్లో ఏం చేయాలో తోచక స్వర్ణలత కిందటేడాది క్యాలెండరు టైపు చేసింది. తర్వాత చెయ్యి తిరిగింది. ఆవరణలో కొట్టేసిన చెట్ల జాబితా, రద్దయిన సమావేశాలకు ఆహ్వానాలు, బదిలీ అయి వెళ్లిపోయిన అధికారులకు స్వాగత పత్రాలు. యంత్రం మంచిది. చప్పుడు లేదు, వేడి లేదు, నొక్కగానే తెరుచుకునేది. గుణాకరరావు గారు అప్పుడప్పుడూ వెనక నిలబడి, నిట్టూర్పు ఏమైనా వినబడుతుందేమోనని చెవి ఒగ్గి, తృప్తిగా వెళ్లేవారు. ఒకసారి స్వర్ణలత స్వాగత పత్రాన్ని పొరపాటున అందమైన మాటలతో రాసింది. ఎవరైనా దాచుకునే ప్రమాదం ఉందని ఆయన రెండు విశేషణాలు కొట్టేశారు.

ఇలాంటి సమయంలో సన్యాసమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి త్రినాథరావు ఆమెను గుణాకరరావు గారి గదిలోకి తీసుకెళ్లాడు. ప్రత్యేక మినహాయింపు అడుగుదామని దారిలో నాలుగు వాక్యాలు కూర్చుకున్నాడు. లోపలికి వెళ్లాక మొదటి వాక్యంలో కర్త కూడా గుర్తు రాలేదు. గుణాకరరావు గారే మొదలుపెట్టారు.

"ఈ పత్రం నీకు ఎంతవరకు అవసరం?"

"శానా అవసరం బాబూ. ఇది నేకపోతే పిల్ల సదువు పోద్ది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. త్రినాథరావు వైపు తిరిగి, దరఖాస్తుదారు స్వయంగా చెప్పిన దాని ప్రకారం ఇది అత్యంత బరువైన పని అని, ఈ చిన్న యంత్రం మీద ఇంత బరువు పెట్టడం అమానుషమని అన్నారు. అమానుషమన్న మాట యంత్రం గురించి అన్నారు.

బయటికొచ్చాక స్వర్ణలత సన్యాసమ్మను పక్కకి పిలిచి, రేపొచ్చి అవసరం లేదని చెప్పు అత్తా అని నేర్పింది. సన్యాసమ్మకి అబద్ధం అలవాటు లేదు, అయినా పిల్ల కోసం రాత్రంతా వల్లించుకుని వచ్చింది.

"నాకేటీ అవసరం నేదు బాబూ" అంది, కళ్లు నేలకేసి.

"సంతోషం. మరి ఎందుకొచ్చావు?" అన్నారు గుణాకరరావు గారు.

ఆ ప్రశ్నకు స్వర్ణలత జవాబు నేర్పలేదు. త్రినాథరావు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. చివరికి సన్యాసమ్మ, "మరేటి సెయ్యమంతారో మీరే సెప్పండి" అంది.

ఆయన కఠినాత్ముడేమీ కాదు. నిజంగానే ఒక మార్గం వెతికారు. క్యాలెండరు చూసి, ముఖం విప్పారి, "చాలా సులభం అమ్మా. నెలాఖరుతో మీ సీటు గడువు ముగుస్తుంది. ఆ మర్నాటికి నీ అవసరం దానంతట అదే తీరిపోతుంది. పని తేలికవుతుంది. ఒకటో తారీఖు ఉదయమే రా, నిలబడ్డ పళంగా చేతిలో పెట్టిస్తాను" అన్నారు. పేదవాళ్లకి పని చేసిపెట్టినప్పుడు కలిగే ఆనందం ఆయన ముఖంలో కనిపించింది. "త్రినాథరావు గారూ, గుర్తుంచుకోండి" అని కూడా అన్నారు.

గుర్తుంచుకుంటానండీ అన్నాడు త్రినాథరావు. అని, ఆ రాత్రి మంచం మీద, తను ఆ మాట ఏ గొంతుతో అన్నాడో మళ్లీ వినడానికి ప్రయత్నించాడు. వినయంగా అన్నాడా, వ్యంగ్యంగా అన్నాడా? వ్యంగ్యంగా అని ఉంటే కొంత బాగుండేది. కాని లోపల ఎంత వెతికినా దొరికింది వినయమే.

నెలాఖరు రానే వచ్చింది. అదే రోజు రాజధానిలో సభ. చిన్న కంప్యూటర్లను తేలికగా వాడటంలో ఆదర్శంగా నిలిచిన కార్యాలయంగా తమ ఆఫీసుకు జ్ఞాపిక ఇస్తున్నారు. గుణాకరరావు గారు ముందురోజే రైలెక్కారు. విరించి అక్కడ ప్రసంగిస్తాడట. స్వర్ణలతను కూడా తీసుకెళ్లారు, పుష్పగుచ్ఛం పట్టుకోవడానికి. ఆఫీసులో త్రినాథరావు ఒక్కడే మిగిలాడు.

మధ్యాహ్నం వరండాలోకి వస్తే మెట్టు మీద సన్యాసమ్మ, పక్కన పైడితల్లి. పిల్ల జడ బిగించి అల్లుకుంది, ఒళ్లో రేకు పెట్టె పెట్టుకుంది. కాలేజీకి పోవడానికి సిద్ధమై వచ్చినట్టుంది. పాలిటెక్నిక్ ఆ వీధి చివరే. అక్కడి ఆఫీసు సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది.

"పత్రం రేపు కదమ్మా ఇస్తామన్నది" అన్నాడు.

"రేపే బాబూ. సీటు పోనాదని రూఢిగా తెలిసీదాకా ఇక్కడే కూకుంటాం. రేపొద్దున్న కాయితం తీసుకుని ఎల్తాం."

"సీటు పోయాక ఆ కాగితంతో ఏం చేస్తావు?"

ఆమె ఆలోచించింది. ఎగతాళి లేదు ఆ ముఖంలో. "గోడకి అంటించుకుంటాను. ఈ బుట్టలు నువ్వే అల్లినావా అని ఎవరైనా అడిగితే సూపిస్తాను."

పైడితల్లి తలెత్తి అతని వంక చూసింది. ఏమీ అడగలేదు. తల్లి పోలికే.

త్రినాథరావు లోపలికి వచ్చి కూర్చున్నాడు. గంప ఎదురుగా ఉంది. పక్కన చీటీల కట్ట. నేను చేయబోవు పని ఎవరికీ అవసరం లేదు. ఇన్నేళ్లుగా ఈ చీటీ మీద తను రోజూ సంతకం పెడుతూనే ఉన్నాడేమో, ఇప్పుడే అచ్చు వేయించారు, అంతే. కంప్యూటరు రాక ముందు కూడా తన వాడకం తేలికపాటిదే. ఎవరూ తనను మొయ్యలేదు, తను ఎవరినీ మొయ్యలేదు. బరువు మనసులో ఉంటుందని విరించి అన్నాడు, తనూ అనుకునేవాడు. సరే, ఉందా ఇప్పుడు? లోపలికి చూసుకున్నాడు, అలవాటుగా. ఈసారి అక్కడ చూడటానికి ఏమీ దొరకలేదు. బరువు లోపల లేదు. బయట, మెట్టు మీద, రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గుణాకరరావు గారికి ఏం చెప్పాలి? అప్పుడు చూడొచ్చు. సంజాయిషీ అడుగుతారు. అడగనీ. ఏ వాక్యంతో మొదలుపెట్టాలి? ఆ ఆలోచన చూరులా అతని తల మీదికి వంగుతోంది. దాని కిందికి వెళ్లి నిలబడటం ఎంత సుళువో అతనికి తెలుసు. నిలబడితే సాయంత్రమవుతుంది. సాయంత్రమైతే అన్నీ వాటంతట అవే తేలికవుతాయి.

చీటీల కట్టను సొరుగులో పడేశాడు. రెండు చేతులతో గంపను ఎత్తి, కింద పెట్టడానికి మనసొప్పక, ఒళ్లో పెట్టుకున్నాడు. నల్లటి చిన్న డబ్బా ముందువైపు శనగగింజంత బటను. వేలు దాని దాకా వెళ్లి, అలవాటు ప్రకారం, గాల్లో ఆగింది.

నొక్కాడు.